నిప్పు చల్లారిన నేల

కరీంనగర్ వైపు రాయి అంటే గ్రానైటే. గుండు మీద గుండు పేర్చినట్టుండే గుట్టలు. వాటిని కోసి, లారీలకెక్కించి, రేవుకు చేర్చి ఓడల్లో విదేశాలకు పంపిస్తుంటారు. 'టాన్ బ్రౌన్' అనే గోధుమరంగు రాయికి అంతర్జాతీయ మార్కెట్లో చిరునామా కరీంనగరే. అక్కణ్నుంచి గోదావరి దాటి, నిర్మల్ మీదుగా మహబూబ్ ఘాట్ ఎక్కి, ఇచ్చోడ, గుడిహత్నూర్ వైపు వెళ్తే మాత్రం దృశ్యం మారిపోతుంది. గుండ్లు కనిపించవు. కొండల నెత్తి బల్లపరుపుగా ఉంటుంది, పక్కలు మెట్లుమెట్లుగా దిగుతుంటాయి. పొలం గట్టున కుప్పపోసిన రాళ్లు నల్లగా, చేతికి తీసుకుంటే బరువుగా, కొన్నిటికి ఒళ్లంతా చిన్నచిన్న బొరియలతో ఉంటాయి. దున్నిన చేను అంతకన్నా నలుపు.

ఈ రాయిని ఎవరూ ఓడలెక్కించరు. దీనికి అలాంటి గిరాకీ లేదు. గిరాకీ అంతా అది కరిగి అరిగి తయారైన మట్టికి. ఆదిలాబాద్ కొండల్లో గత నూరేళ్లలో జరిగిన ప్రతి గొడవకూ, ప్రతి పోరాటానికీ వేళ్లు ఆ నల్లమట్టిలోనే ఉన్నాయి.

రాజమండ్రి దాకా పారిన లావా

దాదాపు ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందటి మాట. దక్కన్ పశ్చిమ భాగంలో నేల పగుళ్లిచ్చింది. మనం సినిమాల్లో చూసే అగ్నిపర్వతంలాగా ఒక్క శిఖరం నుంచి నిప్పు ఎగజిమ్మడం కాదు. పొడవాటి పగుళ్లలోంచి లావా పొంగి, వరదలా పరుచుకుంది. చల్లారాక దాని మీద మరో వరద. ఆ మీద ఇంకొకటి. అలా పొరమీద పొరగా గట్టిపడిన రాతినే బసాల్ట్ అంటారు. ఇప్పటికీ దేశంలో సుమారు అయిదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాతి దుప్పటి ఉంది. దాని పేరు దక్కన్ ట్రాప్స్. స్వీడిష్ భాషలో 'ట్రప్పా' అంటే మెట్టు. ఆదిలాబాద్ కొండల పక్కలకు ఆ మెట్లు ఎందుకున్నాయో ఆ మాటే చెబుతుంది.

పడమటి కనుమల్లో ఈ దుప్పటి మందం రెండు కిలోమీటర్లకు పైమాటే. ఆదిలాబాద్‌కు వచ్చేసరికి అంచు. పలచబడి, చిరుగులు పడి, కింది రాళ్లు బయటికి తొంగిచూసే చోటు. అందుకే ఉమ్మడి ఆదిలాబాద్‌ భూగర్భం అతుకుల బొంతలా ఉంటుంది. పడమర, ఉత్తరాన ఎక్కువగా బసాల్ట్. పెన్‌గంగ పక్కన సున్నపురాయి. తూర్పున బెల్లంపల్లి, మంచిర్యాల వైపు బొగ్గు. దక్షిణాన నిర్మల్ దగ్గర మళ్లీ పాత గట్టిరాయి. ఒకే జిల్లాలో ఇన్ని రకాల నేలలుండటం అరుదే. 2016 అక్టోబరులో జిల్లాను ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్‌లుగా నాలుగు ముక్కలు చేశారు. కొండ మీది బసాల్ట్ నేల ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల మధ్య పంచబడింది.

లావా అంచు ఇక్కడితో ఆగిందనుకుంటే పొరపాటే. రాజమండ్రి పక్కన కాతేరు, పంగిడి, గౌరీపట్నం దగ్గర కూడా ఇదే నల్లరాయి ఉంది. అది పశ్చిమ దక్కన్‌లో పుట్టి, అప్పటి నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అదే నిజమైతే భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి.

ఒక వరదకూ ఇంకో వరదకూ మధ్య వేల ఏళ్ల విరామాలుండేవి. ఆ వ్యవధిలో చల్లారిన రాతి మీద చెరువులు ఏర్పడేవి, ప్రాణులు బతికేవి. ఆసిఫాబాద్ దగ్గర అలాంటి పొరల్లో చేపలు, కప్పల్లాంటి చిన్న జీవుల శిలాజాలు దొరికాయి. లావాకు ఎన్నో కోట్ల ఏళ్ల ముందటి జీవి కూడా ఈ జిల్లాలోనే దొరికింది. తూర్పున ప్రాణహిత వైపు యామన్‌పల్లిలో బయటపడిన రాక్షసబల్లికి ఆ ఊరి పేరు కలిపి 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరుపెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు మెడలెత్తి చూసే అస్థిపంజరం అదే. ఆదిలాబాద్ పిల్లల్లో ఎంతమందికి అది తమ ఊరిదని తెలుసో!

వాన పడుతుంది... నీరు నిలవదు

బసాల్ట్ అరిగితే నల్లరేగడి అవుతుంది. ఆ మట్టిలోని బంకకు ఒక గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేలు కాలు దూరేంత నెర్రెలిస్తాయి. పైమట్టి ఆ నెర్రెల్లో రాలిపడుతుంది. వానలు రాగానే మట్టి ఉబ్బి అవి మూసుకుంటాయి. అంటే నేల తనను తానే కొంత దున్నుకుంటుంది. ఒక్కసారి కడుపునిండా తాగితే ఆ తేమను నెలల తరబడి దాచుకుంటుంది. బావి లేకుండా, కాలువ లేకుండా శీతాకాలమంతా మంచు మీదే జొన్న పండటం వెనకున్న రహస్యం ఇదే. పత్తికి ఇంతకన్నా మంచి మట్టి లేదు.

అయితే అది మట్టి సంగతి. కింద ఉన్న రాయి తీరు వేరు. గట్టి బసాల్ట్‌లో నీరు ఇంకదు. పొరకూ పొరకూ మధ్య ఉండే బొరియల రాతిలోనో, పగుళ్లలోనో కాసింత నిలుస్తుంది. ఆ పొర తగిలితే బావిలో నీళ్లు. తగలకపోతే పక్క ఇంటి బావి నిండి ఉన్నా ఈ బావి ఎండే. తెలంగాణలో మంచి వానలు పడే ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి. అయినా ఏప్రిల్ వచ్చేసరికి కొండ మీది గూడేల ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమలు తోడి, ఊట కోసం బిందె పట్టుకుని కూర్చోవడం ఈ ప్రాంతంలో తరతరాల దృశ్యం. మిషన్ భగీరథ పైపులు వచ్చాక కొన్ని ఊళ్లలో ఆ కష్టం తగ్గింది. అన్ని గూడేల్లో తగ్గలేదు. ఏటా వేసవిలో నీటి ఎద్దడి వార్తలు ఇక్కణ్నుంచే ముందుగా వస్తాయి.

గోదావరికి అవతల కాకతీయుల నాటి నుంచి చెరువులే బతుకు. కొండ మీద ఆ చెరువుల వరస కనిపించదు. మెట్లుమెట్లుగా దిగే నేల మీద పడిన వాన వాగుల్లోకి, వాగుల్లోంచి కడెం, పెద్దవాగుల్లోకి పరుగులు తీస్తుంది. దారిలో కుంతాల దగ్గర జలపాతమై దూకుతుంది. సెలవురోజుల్లో కార్లేసుకుని వచ్చి చూసి ఆనందించే ఆ నీరు కొండ మీది రైతుకు దక్కనిది. కడెం ప్రాజెక్టు ఆ నీటిని పట్టి జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట వైపు వరి పండిస్తుంది. కొండ పైన మాత్రం వర్షాధారమే.

ఎత్తు మీద ఉండటం వల్ల వచ్చిన ఇంకో సంగతి చలి. డిసెంబరు, జనవరి నెలల్లో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన ఊరంటూ పేపర్లో వచ్చే పేర్లు చూడండి. సిర్పూర్(యు), గిన్నెదరి, అర్లి(టి). అన్నీ ఇటువైపువే. ఈ చలికీ పత్తి ధరకూ ఒక లింకు ఉంది. అది తర్వాత.

ఖండానికి పేరిచ్చిన జనం

దక్షిణార్ధగోళంలోని ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయని, ఆ మహాఖండం పేరు గోండ్వానా అని బడిపుస్తకాల్లో ఉంటుంది. ఆ పేరు గోండుల నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్తలు గోండుల రాజ్యాలున్న ప్రాంతంలోని రాళ్లకు గోండ్వానా అని పేరుపెడితే, తర్వాత యూరప్ శాస్త్రవేత్తలు దాన్ని ఏకంగా ఖండానికే తగిలించారు. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో పాఠం చెప్పినా ఈ గూడేల పేరు పలకాల్సిందే. మరి ఆ గూడేల్లోని మనుషులకు సొంత నేల మీద పట్టా కావాలంటే?

గోండు రాజులు చంద్రాపూర్ కేంద్రంగా కొన్ని శతాబ్దాలు ఏలారు. చాందాకు ముందు సిర్పూరే వారి రాజధాని అన్న ఐతిహ్యం ఉంది. ఉట్నూరులో, సిర్పూరులో కోటల ఆనవాళ్లున్నాయి. రాజ్యాలు మరాఠాల చేతికి, ఆపై ఈ ప్రాంతం నిజాం చేతికి వెళ్లినా కొండ మీది గోండులకు చాలాకాలం పెద్ద తేడా పడలేదు. ఊరికి పటేల్, పూజకు కటోడా, కథలు పాడి కిక్రీ వాయించడానికి పర్దాన్. పక్కన కోలాములు, తోటీలు, నాయక్‌పోడ్‌లు. నేల పుష్కలంగా ఉండేది. కొన్నేళ్లు సాగుచేసి బీడు పెట్టి, ఇంకోచోటికి మారేవారు. తేలిక నేలల్లో వానాకాలపు పంట, బరువైన రేగడిలో చలికాలపు జొన్న. ఈ రెండిటి మధ్య సమతూకం వాళ్లకు తెలిసిన వ్యవసాయ శాస్త్రం. జొన్న గట్క, జొన్న రొట్టె, పప్పు. అదీ తిండి.

ఇరవయ్యో శతాబ్దంలో రెండు వైపుల నుంచి ఉచ్చు బిగిసింది. నిజాం అటవీశాఖ గీతలు గీసి రిజర్వు అడవి అంది. బీడు పెట్టి వదిలిన భూములు ఆ గీతల లోపలికి వెళ్లిపోయాయి. మళ్లీ దున్నితే నేరం. ఇంకోవైపు రోడ్లు, రైళ్లు వచ్చాక మైదానం నుంచి, మరాఠీ ప్రాంతాల నుంచి సాగుదారులు, సావుకార్లు వచ్చారు. వాళ్లు ఏ నేల కోసం వచ్చారో చెప్పక్కర్లేదు. లోయల్లోని లోతైన నల్లరేగడి. పత్తి పండే రేగడి. గోండుకు పట్టా అంటే ఏమిటో తెలియదు. తెలిసినవాడి పేరు మీద కాగితం పుట్టింది. తాత దున్నిన చేలో మనవడు పాలేరు అయ్యాడు.

జోడేఘాట్ నుంచి మార్లవాయి దాకా

కుమురం భీం తిరుగుబాటుకు మూలం ఇదే. బాబెఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల భూములకు హక్కు అడిగాడు. అడిగి, దరఖాస్తులు పెట్టి, దొరక్క తుపాకి పట్టాడు. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుగుతుంది. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ రోడ్డు ఎక్కి హట్టి దగ్గర మళ్లితే ఆ దారి. 2022లో వచ్చిన సినిమా తర్వాత ఆ పేరు దేశమంతా మోగింది. సినిమాలోని భీంకూ జోడేఘాట్ భీంకూ పేరు తప్ప పోలిక వెతకడం దండగ. అసలు భీం అడిగింది జల్, జంగల్, జమీన్ అని జనం చెప్పుకొంటారు. నీరు, అడవి, భూమి. బసాల్ట్ కొండల మీద ఏది కొరతో, ఏది చేజారిందో ఆ మూడు మాటల్లోనే ఉంది.

భీం మరణం నిజాం ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. కారణాలు తెలుసుకు రమ్మని ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూరు పక్కన మార్లవాయి అనే గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండులను వాళ్ల భాషలోనే అడిగి రాసుకున్నారు. ఆయన నివేదికల్లో అసలు సారాంశం చాలా చిన్నది. వీళ్లు తిరగబడింది భూమి పోయినందుకు, భూమి ఇస్తే సరిపోతుంది. 1940లలో ఆ ప్రకారమే లక్ష ఎకరాలకు పైగా భూమి గిరిజనులకు పట్టా అయింది. గోండీ భాషలో వాచకాలు, ఉపాధ్యాయులకు శిక్షణ మార్లవాయిలోనే మొదలయ్యాయి. ఇవాళ మాతృభాషలో చదువు గురించి చర్చించే పెద్దలు ఎనభై ఏళ్ల కిందటి ఆ గుడిసె బడిని ఒకసారి గుర్తుచేసుకోవచ్చు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయికి తెచ్చి సమాధి చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా 2012లో ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరిలో గోండులు ఆ సమాధుల దగ్గర తమ పద్ధతిలో పూజ చేస్తారు.

పట్టాలిచ్చినంత మాత్రాన కథ అయిపోలేదు. 1950ల తర్వాత మళ్లీ వలసలు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా 1959లో చేసిన నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో వాటిని బిగించారు. అందరి నోటా నానే '1/70' అదే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అనుకోవాలి, కాదని నిరూపించుకునే బాధ్యత అనుభవిస్తున్నవాడిదే అంటుంది చట్టం. కాగితం మీద ఇంతకన్నా గట్టి చట్టం ఉండదు. అమలు సంగతికొస్తే ఉట్నూరు ఏజెన్సీలో ఏ సంతలో ఎవర్నడిగినా చెబుతారు.

ఆ కోపమే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పేలింది. సోమవారం, సంత రోజు. భూమి సమస్యల మీద గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. పోలీసులు అనుమతి నిరాకరించారు. జనం అప్పటికే కొండలు దిగి వచ్చేశారు. కాల్పుల్లో చనిపోయింది పదమూడు మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని పౌరహక్కుల సంఘాలు, గూడేల జనం అంటూనే ఉన్నారు. అక్కడ కట్టిన స్తూపం దగ్గరికి ఆ రోజున వెళ్లడానికి దశాబ్దాల పాటు ఆంక్షలే. నివాళి అర్పించడానికి కూడా పోలీసుల అనుమతి కావలసి వచ్చేది.

చిక్కుముడి అక్కడితో విడిపోలేదు. 1976లో తెలంగాణలోని లంబాడాలను షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. పొరుగున ఉన్న మహారాష్ట్రలో వాళ్లకు ఆ హోదా లేదు. దాంతో అటు నుంచి వలస వచ్చినవారు ఇక్కడ భూమి, ఉద్యోగాలు అందుకుంటున్నారన్నది గోండుల ఫిర్యాదు. మేమూ తరాలుగా ఈ నేల మీదే ఉన్నాం, పేదలమే అన్నది లంబాడాల జవాబు. 2017 చివర్లో అది కొట్లాటల దాకా వెళ్లింది. ఇద్దరి వాదనల్లోనూ నిజం ఉంది. ఇద్దరికీ చాలినంత నల్లరేగడి మాత్రం లేదు.

పోడు భూములదీ అదే కథ. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొన్నివేల మందికి పట్టాలొచ్చాయి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రమంతటా లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. రెండేళ్లు తిరగకుండానే, 2025 మే చివర్లో, కవ్వాల్ పులుల అభయారణ్యాన్నీ మహారాష్ట్రలోని తాడోబానూ కలిపే పులుల దారి కోసం ఆసిఫాబాద్ జిల్లాలో కన్జర్వేషన్ రిజర్వు ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. ఏజెన్సీ మళ్లీ రోడ్డెక్కింది. జులైలో ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టింది. పులికి దారి కావాలన్నది నిజమే. గీత గీసేముందు గూడేన్ని అడగాలన్న సంగతి నిజాం కాలం నుంచి ఇప్పటిదాకా ఎవరికీ గుర్తురాకపోవడమే వింత.

గీతల గురించి ఇంకొక్క మాట. కెరమెరి మండలంలో పరందోలి, మహారాజ్‌గూడ లాంటి డజను పైచిలుకు ఊళ్లున్నాయి. అవి తెలంగాణవా, మహారాష్ట్రవా అన్నది దశాబ్దాలుగా తేలలేదు. రెండు పంచాయతీలు, రెండు బళ్లు, రెండు ఓట్లు. ఆ మహారాజ్‌గూడ దగ్గరి గుహలోనే గోండుల తల్లి జంగూబాయి కొలువు. పుష్యమాసంలో రెండు రాష్ట్రాల గోండులూ బళ్లు కట్టుకుని అక్కడికే వస్తారు. వాళ్లకు సరిహద్దు ఎటున్నా ఒకటే.

నెమలి టోపీలు, పుట్టమన్ను

ఇన్ని గొడవల మధ్య ఈ జనం నవ్వడం, ఆడటం మానలేదు. వానాకాలపు పైరు చేతికొచ్చే ముందు, దీపావళికి కొన్నాళ్ల ముందు నుంచి దండారీ మొదలవుతుంది. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన జింకతోలు, చేతిలో రోకలి. అది గుస్సాడీ వేషం. వేషం కట్టిన వాడు ఆ రోజులన్నీ స్నానం చెయ్యడు. దేవుడు ఒంటి మీద ఉన్నట్టే లెక్క. డప్పు, గుమేలా, తుడుం మోతలతో ఒక ఊరి దండారీ ఇంకో ఊరికి విడిదికి వెళ్తుంది. వచ్చిన ఊరందరికీ ఇక్కడివారు అన్నం పెట్టాలి. కొత్త సంబంధాలు కలిసేదీ, పాత తగాదాలు తీరేదీ అప్పుడే. మార్లవాయికి చెందిన కనకరాజు ఈ ఆటను 1980లలో ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్లాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దండారీలు సాగే రోజుల్లోనే ఆయన కన్నుమూశారు.

పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశీయులు కలశం పట్టుకుని కాలినడకన కొండ దిగి, జన్నారం దగ్గర గోదావరిలోని హస్తినమడుగు నుంచి నీరు తెస్తారు. చెప్పుల్లేకుండా రోజుల తరబడి నడక. సిరికొండ కుమ్మరులు చేసిన కొత్త కుండల్లో ఆడపడుచులు, కోడళ్లు కోనేటి నీళ్లు మోసి, మట్టి కలిపి పుట్టలు చేస్తారు. అమావాస్య అర్ధరాత్రి మహాపూజ అయ్యాక కొత్తకోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది అయితే గానీ ఆమె మెస్రం ఇంటిది కాదు. నాగోబాకు రాతిగుడి కావాలనుకున్నప్పుడు మెస్రం కుటుంబాలు ఇంటింటా చందాలు వేసుకుని కట్టుకున్నాయి. 2022 డిసెంబరులో అది ప్రారంభమైంది.

జాతరలో దర్బార్ కూడా ఒక ముఖ్య ఘట్టం. 1942లో హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించాడు. కొండలెక్కి గూడేలకు రాలేని అధికారులు కనీసం జనం ఒకచోట చేరినప్పుడైనా వచ్చి వినాలన్నది ఆలోచన. కలెక్టర్లు, మంత్రులు ఇప్పటికీ వస్తారు. అర్జీల్లో భూమి మాట లేని ఏడాది ఉండదు.

ఇదే కొండల్లోని ఉషేగాంలో ఓజాల ఇత్తడి పని చూడదగ్గది. మట్టిబొమ్మ మీద తేనెమైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. గోండుల దేవుళ్లు, దీపాలు, గంటలు వీళ్ల చేతి నుంచే రావాలి. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

తేమ మీటరు ముందు రైతు

జొన్న నుంచి పత్తికి మారడం ఒక్కరోజులో జరగలేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక కొండ మీద వరి పండకపోయినా వరన్నం వచ్చింది. తిండికోసం జొన్న వెయ్యాల్సిన అవసరం తగ్గింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మిగిలిన చేలు కూడా పత్తికే వెళ్లాయి. ఎదులాపురం అని పాత పేరున్న ఆదిలాబాద్ పట్టణం ఇప్పుడు పత్తి మార్కెట్‌కు, జిన్నింగ్ మిల్లులకు పేరు. అక్టోబరు చివరి నుంచి యార్డు బయట బళ్లు, ట్రాక్టర్ల వరసలు.

పత్తి బాగా పండే నేల కదా, ఇంకేం కష్టం? కష్టం అక్కడే ఉంది. లోయల్లో ఉన్న లోతైన రేగడి వేరు, కొండవాలున బెత్తెడు మట్టి కింద రాయి తగిలే చెలక వేరు. లోతు నేల నెల రోజులు వాన లేకపోయినా తట్టుకుంటుంది. పలచటి నేల పదిహేను రోజుల్లో వాడిపోతుంది. చేజారకుండా గిరిజనుడికి మిగిలిన భూమిలో, పోడు పట్టా వచ్చిన భూమిలో ఎక్కువ భాగం ఆ రెండో రకమే. విత్తనం, ఎరువు, మందు ఖర్చు మాత్రం ఇద్దరికీ సమానం. బ్యాంకు తలుపు తట్టాలంటే స్పష్టమైన పాసుపుస్తకం కావాలి. లేనివాడికి సేటు ఉండనే ఉన్నాడు. విత్తనం అతనే ఇస్తాడు, పంట అతనికే తోలాలి. ధర అతను చెప్పిందే.

సర్కారు మద్దతు ధర 2025-26కు పొడవు పింజ పత్తి క్వింటాలుకు 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థ కొనాలంటే తేమ ఎనిమిది శాతం ఉండాలి. పైన ప్రతి శాతానికీ కోత, పన్నెండు దాటితే కొనరు. ఇందాక చెప్పిన చలి ఇక్కడ అడ్డం వస్తుంది. నవంబరులో కొండ మీద మంచు కురిసి, పొద్దెక్కేదాకా దూది తడిగానే ఉంటుంది. తీసిన పత్తిని ఇంటిముందు ఆరబోసుకునే జాగా, ఓపిక ఉన్నవాడికి ధర. అప్పువాడు గుమ్మంలో నిలబడితే ఆరబెట్టే తీరికెక్కడిది? తడి పత్తినే దారిలో ప్రైవేటు వ్యాపారికి పోసేసి వస్తాడు. 2025లో కేంద్రం ఆగస్టు నుంచి డిసెంబరు ఆఖరు దాకా పత్తి దిగుమతి మీద పదకొండు శాతం సుంకం ఎత్తేసింది. అదే సీజన్లో మద్దతు ధరకు అమ్మాలంటే ఫోన్‌లో 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడేలు ఇక్కడ చాలానే ఉన్నాయి.

కొన్ని ఊళ్లలో పత్తి సాళ్ల మధ్య కంది వేస్తున్నారు. యాసంగిలో మళ్లీ జొన్న చల్లుతున్నవాళ్లూ ఉన్నారు. నగరాల్లో షుగర్ భయంతో జొన్నరొట్టెకు గిరాకీ పెరగడం వాళ్లకు కలిసొచ్చింది. లోతు నేల ఉన్నవాళ్లకే అది కుదురుతుందన్నది వేరే సంగతి.

మొదటి తీత, రెండో తీత అయ్యాక మూడోది ఏరినా కూలి గిట్టదు. ఫిబ్రవరి, మార్చి కల్లా పత్తి కట్టె పీకి కుప్పేస్తారు. కొంత పొయ్యికి, మిగతాది చేలోనే తగలబెట్టడానికి. ఎండ ముదిరేకొద్దీ చేను నెర్రెలు విచ్చుతుంది, పైమట్టి లోపలికి రాలుతుంది. మృగశిర కార్తె దాకా ఇక రేగడికి సెలవే. గోండు రైతు మాత్రం ఆ రెండు నెలలూ ఉపాధి పనికో, ఇప్పపువ్వు ఏరడానికో వెళ్తాడు. సాయంత్రానికి ఇంట్లో ఆడవాళ్లు చెలిమ దగ్గర్నుంచి తిరిగొస్తారు.